సగం గుండు

యుద్ధం అయిపోయిందని నాకంటే ముందు మా అన్నకు తెలిసింది. నేనేమో ఆ యుద్ధం జరిగిన దేశంలోనే, తుపాకుల చప్పుడు వినిపించేంత దూరంలోనే ఉన్నాను. ఆయనేమో మదనపల్లె టమోటా మార్కెట్టులో, తాను పనిచేసే మండీ ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"అయిపోయిందంట గదప్పా యుద్ధం. రెండు పార్టీలోళ్ళూ సంతకాలు పెట్టేసినారంట. ఎప్పుడొస్తాండావు?" అన్నాడు ఫోన్లో.

"ఎవరు చెప్పినారు నీకు?"

"వార్తల్లో వచ్చింది. నీకు తెలీదా? ఇంతకీ నువ్వు యాడుండావు?"

నేను నీళ్ళ ట్యాంకరు కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాను. ఆ మాటే చెప్పాను. "సరే, బోల్టు బిగిచ్చి బయల్దేరు" అన్నాడు. పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సెక్కినట్టు వచ్చేస్తానని ఆయన నమ్మకం.

మాది పుంగనూరు దగ్గర పల్లె. ఊరిలో చాలామంది కూలి చేసి పిల్లల్ని చదివించినవాళ్ళే. ఆ పిల్లల్లో కొందరు బెంగుళూరు కంపెనీల్లో చేరారు, నేను మిలిటరీలో చేరాను. మా పటాలాన్ని శాంతిసేనగా ఆఫ్రికాలో ఒక దేశానికి పంపించారు. నీలిటోపీ పెట్టుకుని, ఎవరి పక్షమూ వహించకుండా, కొట్టుకునేవాళ్ళ మధ్య నిలబడటం మా పని. ఆ దేశం పేరు చెప్పను. అక్కడివాళ్ళు నన్ను బాగా చూసుకున్నారు, వాళ్ళ కష్టకాలాన్ని నా కథలో పేరు పెట్టి చెప్పుకోవడం నాకు నచ్చదు.

నాకు ఇచ్చిన పని నీళ్ళ ట్యాంకరు తోలడం. మా క్యాంపుకూ, ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళు గుడిసెలు వేసుకున్న మైదానానికీ నీళ్ళు చేర్చాలి. ఆకాశంలో మొగులు పట్టిందా అని చూసి విత్తనం వేసే ఊరి నుంచి వెళ్ళిన నాకు నీళ్ళు పంచే ఉద్యోగం దొరికిందని మావాళ్ళకు భలే సంబరం. ఒకసారి దారిలో ఎవరు కాల్చారో తెలియదు, ట్యాంకరుకు తూట్లు పడ్డాయి. నేను దిగి టైరు వెనకాల నక్కాను. కాల్పులు ఆగీ ఆగకముందే గుడిసెల్లోంచి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. తూటుకొక బిందె పెట్టారు. బిందె చాలని చోట ఒక ముసలామె అరచేయి అడ్డం పెట్టి, ఇంకో బిందె వచ్చేదాకా అట్లాగే నిలబడింది. నన్ను చూసి నవ్వింది కూడా. మా ఊరి కొళాయి దగ్గర ఆడవాళ్ళు గుర్తొచ్చి నాకు సగం భయం పోయింది.

మిగతా సగం భయం మా అక్కది.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా అక్క. నాకు అన్నం పెట్టీ, బడికి తోలీ, నాయన కొట్టబోతే అడ్డమొచ్చీ, తన చదువు మాత్రం మధ్యలో మానేసింది. తర్వాత కుప్పం దగ్గర గుడుపల్లె పక్క పల్లెకు కోడలుగా వెళ్ళింది. మా బావ గ్రానైటు ఫ్యాక్టరీలో కోత మిషను నడుపుతాడు. వాళ్ళకు పుట్టిన బిడ్డలు నిలవలేదు. ఆశలు వదిలేసుకున్న వయసులో ఒక ఆడపిల్ల పుట్టి నిలిచింది. సరిగ్గా ఆ పిల్ల బుడిబుడి నడకలు నేర్చే వేళకు నన్ను విదేశానికి పంపే ఆర్డరు వచ్చింది.

అప్పుడు అక్క వాళ్ళ ఊరి గంగమ్మకు మొక్కుకుంది. "నా బిడ్డ నిలవాల, నా తమ్ముడు తిరిగి రావాల. ఇద్దరినీ ఒక్కతూరే తెచ్చి నీ ముందర కూర్చోబెడతా. బిడ్డ పుట్టెంటికలు వాని ఒళ్ళోనే తీయిస్తా" అని. మా వైపు బిడ్డకు తొలిసారి గుండు చేయించేటప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. అన్న కూడా మేనమామే, చక్కగా మదనపల్లెలోనే ఉన్నాడు. కానీ మొక్కింది నా పేరు మీద. పైగా ఒకటో ఏడో మూడో ఏడో తీయించాలి, దాటితే మళ్ళీ ఐదో ఏడే.

అంటే ఆ పిల్ల తలమీద వెంట్రుకలు ఉన్నంతకాలం నేను ఇంకా ఇంటికి రావలసి ఉన్నట్టు లెక్క. మా అక్క అట్లాగే చూసింది. మిలిటరీవాళ్ళు చెప్పే మాటల మీదకన్నా ఆ పిల్ల జుట్టు మీదే ఆమెకు గురి.

యుద్ధం అయిపోయిందంటే వెంటనే ఇల్లు చేరతామని నేనూ అనుకున్నాను. ట్రంకు పెట్టె సర్ది తాళం వేశాను. మాకు బదులు వచ్చే పటాలం రావాలి. వాళ్ళు రావాలంటే విమానం దిగాలి. విమానం దిగాలంటే రన్‌వే మీద బాంబులు పడిన గుంటలు పూడాలి. అవి పూడుస్తుంటే వానలు పట్టుకున్నాయి. పూడ్చిన మట్టి మళ్ళీ జారిపోయింది. సబ్బు కావాలని పెట్టె తెరవడం, మళ్ళీ సర్దడం, తువ్వాలు కోసం మళ్ళీ తెరవడం. యుద్ధం జరిగినన్నాళ్ళూ పని ఉండేది, ఎదురుచూడటానికి తీరిక ఉండేది కాదు. యుద్ధం ఆగాక ఇల్లు తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. మా క్యాంపులో కోలారు వాడొకడు వంటవాడు. తెలుగూ కన్నడమూ కలిపి కొట్టే మా సరిహద్దు భాష వాడితోనే మాట్లాడుకునేవాణ్ణి. "యుద్ధం చేసేవాళ్ళకు ఇంత ఓపిక ఉంటే యుద్ధాలే రావప్పా" అనేవాడు జొన్నపిండి సంగటి కెలుకుతూ.

అక్కడ వానలైతే, ఇక్కడ కుప్పంలో ఎండలు. జుట్టు దట్టంగా పెరిగి, చెమట పట్టి, పిల్ల తలలో సెగగడ్డలు లేచాయి. మెడ వెనకాల, ఎడమ చెవి మీద చీము పట్టి పిల్లకు జ్వరం కూడా వచ్చింది. కుప్పంలో డాక్టరమ్మ జుట్టు తీసేయకపోతే మందు పట్టదని చెప్పింది. బావ నాకు ఫోన్ చేశాడు.

"మీ అక్క నా మాట వినదు. నువ్వే చెప్పాల" అన్నాడు. కోత మిషను ముందర గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి, ఆ రోజు గొణిగాడు.

అక్కతో నేను ఎప్పుడూ పెద్ద గొంతుతో మాట్లాడింది లేదు. ఆ రోజు మాట్లాడాను. "అన్న ఒళ్ళో పెట్టి తీయించండి. నేను ఎప్పుడొస్తానో నాకే తెలీదు. నాకోసం బిడ్డను ఏడిపిస్తావా?" అన్నాను.

"ఎప్పుడొస్తానో తెలీదంటావా, వస్తానో రానో తెలీదంటావా? సక్కంగా చెప్పు" అంది.

"వస్తాను. ఖచ్చితంగా వస్తాను. నువ్వు ముందు గుండు చేయించు."

"సరే" అని పెట్టేసింది. ఆ సరేలో ఒప్పుదల లేదని తెలుసు. అయినా బిడ్డ బాగుంటే చాలనుకున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున ట్యాంకరు కడుగుతూ ఉంటే ఫోన్ మోగింది. పుంగనూరు బస్టాండు దగ్గర టీ అంగడి ఆయన. నా నంబరు ఆయన దగ్గర ఉందనే నాకు తెలియదు.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు.

"నేనేనప్పా."

"నువ్వేనా? నువ్వే మాట్లాడతాండావా?"

"నా ఫోన్లో ఇంకెవరు మాట్లాడతారు?"

"ఏం లే. ఊరికే చేసినా. బాగుండు" అని పెట్టేశాడు.

కాసేపటికి మా హైస్కూలు సారు. ఆయనా అంతే, గొంతు విని, "నీ పాడుగాను, బాగుండావా" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత మా ఊరి లారీ డ్రైవరు, పాలకేంద్రం ఆయన, చిన్నప్పుడు నాతో కొట్లాడి మాటలు మానేసిన వాడొకడు. అందరూ నా గొంతు విని, ఏమీ లేదని చెప్పి, సంతోషంగా పెట్టేస్తున్నారు. ఇంతమందికి ఒకేరోజు ఊరికే ఫోన్ చేయాలనిపించడం ఏమిటని నాకు అర్థం కాలేదు. అన్నకు చేశాను.

"బాగుండావు గదా?" అన్నాడు ఎత్తుతూనే.

"అందరికీ ఏమొచ్చింది ఈ పొద్దు?"

"ఒక చిన్న పొరపాటు జరిగిందిలే" అన్నాడు. మా అన్న చిన్న పొరపాటు అన్నాడంటే ఊరంతా తిరగబడి ఉంటుంది.

జరిగింది ఇది. గంగమ్మ గుడి ముందర షామియానా వేశారు. అన్న పంచె కట్టి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మొక్కు తమ్ముడి పేరు మీద ఉంది కదా, తమ్ముడు కూడా పక్కనే ఉన్నట్టు ఉండాలని ఆయనకొక ఆలోచన వచ్చింది. నేను ట్రైనింగు ముగించినప్పుడు యూనిఫాంలో తీయించుకున్న ఫోటో ఒకటి, పెద్దది చేయించి ఫ్రేము కట్టించింది, అక్క ఇంట్లో గోడకు ఉంటుంది. దాన్ని తెచ్చి పక్కన కుర్చీలో పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. దుమ్ముగా ఉందని వదిన తుడిచింది. శుభకార్యం కదా అని ఫోటోకు బొట్టు పెట్టింది. అన్న మదనపల్లె నుంచి పూలమాలలు తెచ్చాడు, దేవతకూ, బిడ్డకూ. ఒకటి మిగిలింది. అందరికీ వేసి తమ్ముడికి వేయకుంటే ఏం బాగుంటుందని, ఆ మాల తీసి నా ఫోటోకు వేశాడు. కుర్చీ ముందర ఎవరో అగరుబత్తీలు కూడా వెలిగించారు.

మంగలాయన కత్తి నూరి, గడ్డలున్న వైపే ముందు తీద్దామని మెడ వెనక నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కంతా చేశాడు. అదే సమయానికి పెద్దమండ్యం నుంచి మా మేనత్త వచ్చింది. బస్సు దొరక్క ఆలస్యమైంది. షామియానా పక్కకు తిరగ్గానే ఆమెకు ముందు కనిపించింది పిల్ల కాదు, యూనిఫాంలో, బొట్టుతో, పూలమాలతో నేను.

"అయ్యో నా బిడ్డా, మాకు కబురన్నా చెప్పకుండా పోయినావా అప్పా" అని రొమ్ము బాదుకుంటూ నేలమీద కూలబడింది. ఆమె ఏడుపు చూసి ఆమెతో వచ్చినవాళ్ళు ఏడ్చారు. వాళ్ళను చూసి, అప్పటిదాకా అక్కడే కూర్చుని తాంబూలం వేసుకుంటున్నవాళ్ళకు కూడా అనుమానం వచ్చింది. యుద్ధం జరిగిన దేశంలో ఉన్న మనిషి, ఏం జరిగిందో మనకు చెప్పకుండా దాచారేమోనని. అప్పటికే ఎవరో పుంగనూరుకు ఫోన్ చేసేశారు.

"మరి ఫోటోకు మాల యాల ఏసినావు?" అన్నాను.

"అందరికీ ఏసినాం గదా, నీకు మాత్రం యాల తక్కువ చేయాల అని ఏసినా. బతికుండే వాళ్ళకు ఏస్తే తప్పా? పెండ్లిలో ఏయడం లేదా?" అన్నాడు. పాపం, ఆయన ప్రేమలో తప్పేమీ లేదు.

అప్పుడు గుళ్ళోంచి అక్క హారతి పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చింది. ఏడుపులు విన్నది, ఫోటో చూసింది. పళ్ళెం కింద పెట్టింది. నేరుగా వెళ్ళి మాల తీసి పక్కన పెట్టి, అన్న ఒళ్ళోంచి పిల్లను ఎత్తుకుంది.

"ఇంగా సగం ఉండాది గదమ్మా" అన్నాడు మంగలాయన, కత్తి పట్టుకుని.

"ఆ సగం నా తమ్ముడొచ్చినాక తీద్దువు" అంది.

బావ చెప్పాడు, వదిన చెప్పింది, పూజారి చెప్పాడు. వినలేదు. కార్యం సగంలో ఆగింది. వండిన కూర మాత్రం ఎవరూ సగంలో ఆపలేదు, మా అత్తతో సహా.

కోలారు వాడికి ఇదంతా చెబితే, వాడు గరిటె కింద పెట్టి మరీ నవ్వాడు. "మీ ఊర్లో నువ్వు పోయినావంటే ఈడ సెలవు తొందరగా ఇస్తారేమో అడుగుదామా?" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి నవ్వి, తర్వాత ట్యాంకరులో ఒక్కణ్ణే కూర్చుని, వచ్చిన ఫోన్లన్నీ లెక్కపెట్టుకున్నాను. నేను పోయి ఉంటే ఎంతమంది ఏడ్చేవాళ్ళో బతికుండగానే తెలిసింది. టీ అంగడి ఆయన దగ్గర నా నంబరు ఉంది. మాటలు లేని వాడు మాట్లాడాడు. ఈ భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది?

సాయంత్రం అక్కకు వీడియో కాల్ చేశాను. తన ముఖం చూపించలేదు. పిల్లను ముందుకు తోసింది. ఎడమ పక్కంతా నున్నగా, గడ్డల మీద పసుపుపచ్చ మందు. కుడి పక్క మాత్రం దట్టంగా జుట్టు, దానికొక ఎర్ర రబ్బరు బ్యాండు. పిల్ల తనకేదో కొత్త నగ పెట్టినట్టు అటూ ఇటూ తల తిప్పి చూపించింది.

"ఏందక్కా ఇది? మిగిలింది కూడా తీసేయొచ్చు గదా" అన్నాను.

"నువ్వు చెప్పినావని సగం విన్నా. గడ్డలకు మందు పడతాండాది, డాక్టరమ్మ చాలంది. ఇంగ సగం నా మాట నువ్వు విను" అంది.

"ఏం మాట?"

"రా."

అంతే. ఆ తర్వాత నేను పెట్టె తెరవడం మానేశాను, ఉన్న తువ్వాలుతోనే గడిపాను. పిల్ల ఫోటో క్యాంపంతా తిరిగింది. పంజాబు వాళ్ళు, అస్సాం వాళ్ళు, అందరూ పొద్దున్నే పలకరింపుగా సగం గుండు ఎట్లా ఉందని అడిగేవాళ్ళు. మా మేజరు సాబ్ కూడా ఫోటో అడిగి తీసుకుని, చాలాసేపు చూసి, తనకూ అంత కూతురే ఉందన్నాడు.

చివరికి వాన తెరపిచ్చింది. ఒక చిన్న విమానం దిగింది. దాంట్లో అందరికీ చోటు లేదు. ముందుగా వెళ్ళేవాళ్ళలో కోలారు వాడి పేరు ఉంది, నా పేరు లేదు. వాడు మేజరు సాబ్ దగ్గరికి వెళ్ళి, నా చోటు వీడికివ్వండని చెప్పి ఒప్పించుకొచ్చాడు. నేను వద్దని ఎంత చెప్పినా వినలేదు.

"నా పెండ్లాం తలనిండా జుట్టు పెట్టుకుని హాయిగా ఎదురుచూస్తాండాది. ఆ పాపకు ఒక పక్కే ఎండ కొడతాండాది. పో" అన్నాడు.

వాడు ఇంటికి చేరింది నా తర్వాత చాలా వారాలకు. ఇప్పటికీ పండక్కి ముందు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని రాకపోతే నాకు తోచదు. ఏం చేసినా ఆ సీటుకు సరిపోదని తెలుసు.

ఢిల్లీ నుంచి బెంగుళూరు, బెంగుళూరు నుంచి కుప్పం రైలు. ముందు మా ఊరికి పోకుండా నేరుగా అక్క దగ్గరికే వచ్చాను. స్టేషనులో బావ బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే నా భుజాలు రెండూ పట్టుకుని గట్టిగా ఊపాడు, నిజంగా ఉన్నానా లేదా అని చూసుకునేవాడిలాగా. ఇంటి దగ్గర అక్క దిష్టి తీసి, "చిక్కిపోయినావు" అంది. నేను లావయ్యాను. కోలారు వాడి సంగటి చలవ. అయినా అవునన్నాను.

మర్నాడు పొద్దున గంగమ్మ గుడి ముందర కూర్చున్నాం. ఈసారి షామియానా లేదు, ఫోటోలు లేవు. అన్నకు మాలలు తేవద్దని వదిన గట్టిగా చెప్పింది. పిల్ల ముందు నా దగ్గరికి రానంది. బిస్కెట్ ప్యాకెట్టు చూపిస్తే వచ్చి ఒళ్ళో కూర్చుంది. నేను ముందుగా కత్తెరతో నాలుగు వెంట్రుకలు కత్తిరించి పళ్ళెంలో వేశాను. మంగలాయన కుడి పక్క మొదలుపెట్టాడు. పిల్ల ఏడవలేదు, బిస్కెట్లు తిన్నది. నా ప్యాంటు నిండా బిస్కెట్ పొడీ వెంట్రుకలూ. ఆ బరువు, ఆ వెచ్చదనం నా ఒళ్ళో ఉండటం నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది. గంగమ్మకు మనసులో దండం పెట్టుకున్నాను. గుండు అయ్యాక గంధం పూసి పిల్లను బావ ఎత్తుకున్నాడు. అందరం లేవబోయాం.

అక్క వచ్చి మంగలాయన ముందర కూర్చుంది. ముడి విప్పింది.

"ఏందమ్మా?" అన్నాడాయన.

"నాది గూడా తీయప్పా."

ఎవరికీ అర్థం కాలేదు. బావ ముఖం చూశాను, ఆయనకూ తెలియదు. మా అక్క జుట్టు ఊళ్ళో పేరున్న జుట్టు. నడుము దాటి ఉంటుంది. చిన్నప్పుడు తినడానికి లేకపోయినా ఆ జుట్టుకు మాత్రం నూనె పెట్టుకునేది, తనకున్న ఒకే ఒక్క సోకు అది.

"ఆ పొద్దు పిల్లను ఎత్తుకుని ఇంటికి పోతానే మొక్కుకున్నా. వాడు ప్రాణాలతో నా ఇంటి గడప తొక్కితే నా తలెంటికలు ఇస్తానని. చెప్తే మీరంతా వద్దంటారు గదా" అంది.

మంగలాయన కత్తి ఎత్తలేకపోయాడు. "ముత్తైదువ్వి తల్లీ, మూడు కత్తెర్లు ఇచ్చినా చాలు" అన్నాడు.

"కొండమీద ఆడోళ్ళు నిండుగా ఇయ్యడం లేదా? ఈడ యాల ఇయ్యకూడదు? నా తమ్ముణ్ణి నాకు సగం ఇచ్చిందా ఆ తల్లి?"

నేను వెళ్ళి ఆమె వెనకాల కూర్చున్నాను. తువ్వాలు పరిచి, వెనక్కి ఆనుకోమన్నాను. అక్క తల నా ఒళ్ళోకి వాలింది. నన్ను పెంచిన మనిషి తల అంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు. నీళ్ళు చల్లారు. మొదటి పాయ తువ్వాలులో పడింది, తర్వాత ఇంకొకటి. నాకోసం ఒక మనిషి ఇంతగా ఎదురుచూసిందని, ఆ ఎదురుచూపు ముందర నా యుద్ధం ఏపాటిదని అనిపించింది. ఆమె తలను రెండు చేతులా పట్టుకున్నాను.

మంగలాయన కత్తి ఆపాడు. "కదలొద్దమ్మా, తెగుతుంది" అన్నాడు.

"నేను యాడ కదుల్తాండాను? వాణ్ణి చేతులు గట్టిగా పెట్టుకోమను" అంది అక్క, కళ్ళు మూసుకునే.